ఖోఖో కోర్టుకు రెండు పక్కలా ధాన్యం

2022, కోతల కాలం. పామర్రు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను పీఈటీని, అంటే పిల్లలకు ఆటలు నేర్పే టీచర్ని. విజయవాడ భవానీపురం నుంచి బస్సులు మారి పొద్దున్నే బడికి చేరేసరికి గ్రౌండ్ నిండా ధాన్యం ఆరబోసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మా వైపు ఇది వింతేమీ కాదు. మిషన్ కోతలు వచ్చాక కళ్లాలు చేసుకునేవాళ్లు తగ్గారు. పచ్చి ధాన్యం మిల్లువాళ్లు తీసుకోరు కాబట్టి రోడ్డు మీదా, బడి ఆవరణలోనూ, ఎక్కడ చోటుంటే అక్కడ పోసేస్తారు. కానీ మరో వారంలో విజయవాడలో జిల్లా ఖోఖో జట్టు ఎంపికలున్నాయి. మా ఆడపిల్లల జట్టు కెప్టెన్ సౌజన్య పదో తరగతి. వచ్చే ఏడు చేరబోయే ఇంటర్ కాలేజీకి గ్రౌండే లేదు, కాబట్టి తనకిదే ఆఖరి అవకాశం. ఎంపికైతే పై పోటీలకు వేరే జిల్లాకు వెళ్లాలి. "ఆడపిల్లని ఊరు దాటించి పంపనండీ" అని వాళ్ల నాన్న వెంకట్రావు గారు అంతకుముందే తేల్చి చెప్పేశారు.

ఆ ధాన్యం కూడా ఆయనదే.

"ఏవండీ, ఇది బడా, కళ్లమా?" అన్నాను.

"రెండ్రోజుల్నుంచీ మబ్బేనండీ మేడం. ఇవాళే కాస్త ఎండొచ్చింది. హెడ్మాస్టరు గార్ని అడిగే పోశాను."

"మరి పిల్లలెక్కడ ఆడుకోవాలి?"

"ఆటదేముందండీ, రేపైనా ఆడుకోవచ్చు. ధాన్యం మొలకలొస్తే నేనేం గావాలి?"

ఆయన కౌలు రైతు. అయినా నా కోపం తగ్గలేదు. మాట పెరిగేదే గానీ, సౌజన్య వచ్చి మధ్యలో నిలబడింది. "నాన్నా, మా కోర్టు వరకూ వదిలెయ్, రెండు పక్కలా పోసుకో. తిరగెయ్యడం మేం చూసుకుంటాం."

ధాన్యం సమంగా ఆరాలంటే మాటిమాటికీ తిరగెయ్యాలి. అందులో ఉత్త కాళ్లు ఈడ్చుకుంటూ నడిస్తే చాళ్లు పడి, అడుగుది పైకొస్తుంది. ఒక ఆట అవగానే పిల్లలు బారులు తీరి ధాన్యంలోకి దిగేవారు. నేనూ దిగాను. "పిక్కలకు ఇంతకన్నా మంచి ఎక్సర్‌సైజ్ లేదర్రా" అని గొప్పలు పోయాను గానీ, ఇంటికి వెళ్లేదాకా కాళ్లు ఒకటే దురద.

వెంకట్రావు గారికి మేకల్ని అదిలిస్తూ కాపలా కూర్చోవడమే పని. మొదటిరోజు బీడీ కాలుస్తూ అటు తిరిగి కూర్చున్నారు. మర్నాడు ఇటు తిరిగారు. ఆ తర్వాత నన్ను పిలిచి అడిగారు.

"మేడం, అవతలి పిల్లలు కూర్చున్నవాళ్ల సందుల్లోంచి దూరిపోతుంటే, మా అమ్మాయి సందులో దూరకుండా తిన్నగా పోతుందేంటండీ?"

"తను చేజర్ అండీ, తరిమే మనిషి. చేజర్ మధ్య గీత దాటకూడదు, వెనక్కి తిరగకూడదు. తప్పించుకునేవాళ్లు ఎటైనా పోవచ్చు."

"అన్యాయం కదండీ!" అన్నారు ఉడుక్కుంటూ.

ఆ మధ్యాహ్నం సౌజన్య పోల్ డైవ్ చేసింది. కోర్టు చివర పాతిన స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఒళ్లంతా ముందుకు విసిరి, పారిపోతున్న పిల్లని ముట్టుకోవడమన్నమాట. వెంకట్రావు గారు లేచి నిలబడి, "పట్టేసింది! మా అమ్మాయి పట్టేసింది!" అని అరిచారు. వెనకాల మేకలు హాయిగా ధాన్యం మేస్తున్నాయి.

సౌజన్య ఆరో తరగతి నుంచీ ఆడుతోంది. ఆయన ఒక్కసారీ చూడలేదు. బడి వేళే పొలం వేళ, ఎలా చూస్తారు? అది తట్టాక నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ధాన్యం ఆరి మిల్లుకు వెళ్లిపోయింది. మర్నాడు ప్రాక్టీసు మొదలయ్యేసరికి ఆయన మళ్లీ వచ్చి కూర్చున్నారు.

"ఇంకా ధాన్యముందా అండీ?"

"లేదండీ. ఊరికే, చూసి పోదామని."

సౌజన్య జిల్లా జట్టుకు ఎంపికైంది. ఆయన్ని ఒప్పించడానికి బస్సులో కూర్చుని ఏమేం చెప్పాలో కూడబలుక్కున్నాను. నన్ను నోరు తెరవనివ్వలేదు. "పంపిస్తాను గానీ, ఒక షరతండీ మేడం" అన్నారు. "నన్నూ తీసుకెళ్లాలి. సామాన్లు మోస్తాను."

అంతవరకూ ఆరోగ్యమనీ, క్రమశిక్షణ అనీ తల్లిదండ్రులకు ఉపన్యాసాలిచ్చేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. ఇప్పుడు మానేశాను. ఎవరైనా పిల్లని ఆటలకు పంపనంటే, "అలాగేనండీ. ఒక్కరోజు వచ్చి మీ అమ్మాయి ఆడుతుంటే చూడండి, తర్వాత మీ ఇష్టం" అంటాను. కుర్చీ కూడా నేనే వేయిస్తాను.