గ్రిల్లు లోపల చదివిన శాసనం

ఎప్పుడైనా మిమ్మల్ని ఒక దేవతతో కలిపి ఇనుప గ్రిల్లులో పెట్టి తాళం వేశారా? నన్ను పెట్టి వేశారు. దేవుడి పేరు చెప్పుకుని బతికేవాళ్లను సభల్లో నిలదీసిన నన్ను, పసుపు కారుతున్న నిలువురాయి పక్కన పగలంతా కూర్చోబెట్టారు.

మా చరిత్ర సంఘం చేసే పని చిన్నది. శాసనం ఉన్న రాయిని కడుగుతాం. దాని మీద తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొడతాం. కాస్త ఆరాక సిరా గుడ్డతో అద్దుతాం. రాయి నల్లగా, అక్షరం తెల్లగా పడుతుంది. దాన్ని ఆ ఊరివాళ్ల ముందు నిలబడి, అర్థమయ్యే తెలుగులో చదివి వినిపిస్తాం. పండితుల పత్రికల్లో అచ్చయి అటకెక్కే చరిత్ర మాకు అక్కర్లేదు. ఎవరి ఊరి రాయి వాళ్ల చెవిన పడాలి. ఒక్క పంక్తి కూడా వదలకూడదన్నది మేం పెట్టుకున్న కట్టుబాటు.

కోటబొమ్మాళి దగ్గర ఒక ఊళ్లో అలాంటి రాయి అమ్మవారైంది. దానికి రేకుల షెడ్డు, చుట్టూ గ్రిల్లు. ఆడవాళ్లు లోపలికి పోకూడదు. పసుపైనా కుంకుమైనా ఊచల సందులోంచి చెయ్యి చాచి అందించాలి. మర్నాడు గుడి కమిటీ రాయి చుట్టూ అరుగు కట్టి టైల్స్ వేయబోతోంది. కింది సగం సిమెంటులో కూరుకుపోతుంది. ఆ రాతను పూర్తిగా చదవగలిగేది ఆ ఒక్కరోజే.

కమిటీ పెద్ద హార్డ్‌వేరు షాపు ఆసామి. సరేనన్నాడు గానీ, నేను కాగితం పరవగానే బయటినుంచి తాళం వేశాడు.

"ఇదేమిటండీ?" అన్నాను.

"కోప్పడకండి మేష్టారూ. రాయి కింద లంకెబిందెలున్నాయని ఊరంతా అనుకుంతన్నారు. వాటి గుర్తులు మీరు కాయితం మీద ఎత్తుకుపోతారని భయం. నాను టైల్స్ దింపించుకొచ్చీదాకా లోన్నే ఉండండి. అందరి ముందరా సదివినాకే బయటికి."

బండెక్కి వెళ్లిపోయాడు. మబ్బు పట్టిన రోజు, కాగితం ఆరదు. నిలబడితే నెత్తికి రేకు తగులుతుంది, కూర్చుంటే మోకాళ్లు రాయికి తగులుతాయి. ఆముదం, కర్పూరం కలిసిన ఉక్కలో ఊపిరాడడం లేదు. బయట జనం పోగయ్యారు. ఊచల మధ్యనుంచి ఒక ముసలమ్మ చెయ్యి, గుప్పెడు పసుపుతో లోపలికొచ్చింది.

"ఓలమ్మా, అమ్మకి తెల్లకోక కట్టీసినాడు. పంతులుగారూ, నా మనవడికి పెళ్లెప్పుడవుతాదో అమ్మనడిగి సెప్పండి."

"నేను పంతుల్ని కాదమ్మా."

"మరి లోనికెలాగెల్లావు?"

మగాణ్ణి కావడం తప్ప అక్కడ కూర్చోడానికి నాకున్న అర్హత ఏదీ లేదు.

మా సంఘం కార్యదర్శి, విజయనగరంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మిత్రుడు, ఊచలకు మొహం ఆనించి గొంతు తగ్గించాడు. "బావా, అమ్మోరు కల్లోకొచ్చి నన్ను సిమెంటుతో కప్పొద్దంది అని ఒక్క ముక్క అనీ. టైల్సూ మానీస్తారు, నీ సేతిలో కొబ్బరికాయ పెట్టి మరీ పంపుతారు."

"అనను."

"అయితే అక్కడే ఉండు. అమ్మోరికి తోడు."

సిరా అద్దడం మొదలెట్టాను. ఒక్కో అక్షరం తేలింది. ఒక స్త్రీ, గుళ్లో నిత్యం దీపం వెలగడానికి నెయ్యి కోసం గొర్రెల్ని ఇచ్చింది. మన్నుకు ఆనుకున్న ఆఖరి పంక్తి కోసం బోర్లా పడుకున్నాను. చదివాను. ఈ ధర్మాన్ని చెరిపినవాడికి గంగ ఒడ్డున ఆవును చంపిన పాపం తగులుతుందట. అలాంటి శాపాలు శాసనాల చివర మామూలే. కానీ శాపాలు లేవని చెప్పడమే నా బతుకు. దీన్ని చదివితే ఊరు హడలిపోతుంది. వదిలేస్తే కట్టుబాటు తప్పినట్టే; పైగా ఆ పంక్తిలో ఏముందని ఎవరైనా పట్టుబడితే, లంకెబిందెల గుర్తు దాచేశాడని రాయిని పెకలిస్తారు. తాళం ఇప్పుడు రెండు వైపులా పడింది.

టైల్స్ ఆటో వచ్చింది. "సదవండి," అన్నాడు పెద్ద.

ఊచలు పట్టుకుని చదివాను. దీపం సంగతి, గొర్రెల సంగతి.

"గొర్రెలేవి మరి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"మీ తాత తినీసుంటాడు!"

నవ్వులు ఆగకముందే ముసలమ్మ అడిగింది. "ఆడది ఎట్టించిన రాయేనేటి ఇది? మరి ఆడోల్లం మేం ముట్టుకుంతే ఏటి తప్పు?"

ఆ ఊళ్లో ఆ మాట నోరువిప్పి అడగడం అదే మొదలు కావచ్చు. "ముందు సదవనీయే. ఆకర్న ఏటున్నాది?" అన్నాడు పెద్ద.

చదివాను. వెంటనే గొంతు చించుకున్నాను. "ఇది ఆనాటివాళ్ల బెదిరింపు! టైల్స్ వేస్తే మీకు ఏ పాపమూ రాదు. రాత పోతుంది, అందుకే వేయొద్దంటున్నాను!" ఎవరికి పట్టింది? పెద్ద చెప్పులు విప్పి లెంపలేసుకున్నాడు. ఆటో వెనక్కి తిరిగింది. తాళం తీశారు. నా కాళ్ల మీద పడబోయినవాళ్లను తప్పించుకుని రోడ్డెక్కాను.

"రాయి దక్కింది కదా," అన్నాడు మిత్రుడు సంబరంగా.

దక్కింది. తర్వాత హైస్కూలు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని, ఆ స్త్రీ రాయించిన రాత చూపిద్దామని వెళ్లాం. గ్రిల్లుకు ఇంకో తాళం పడింది. పైన బోర్డు: ముట్టినవారికి గోహత్యా పాపం. గొర్రెలు లేవు, దీపం లేదు, ఆ స్త్రీ లేదు. అంత శాసనంలో ఊరు దాచుకున్నది ఒక్క శాపం.

"మీరు సదివిందే కదా రాయించాను మేష్టారూ," అన్నాడు పెద్ద. చెరపడం కాస్తా ముట్టడమైంది, అయినా పాపం మాట నేను చదివిందే; పూర్తిగా అబద్ధమని ఎలా అనను? పిల్లలు ఊచల సందులోంచి కాసేపు చూసి, ఏమీ కనబడక తిరిగొచ్చారు.

రేపైనా ఆ పంక్తి నేను చదవకుండా ఉండను. పంక్తి దాచినవాడు చరిత్ర చెప్పడానికి పనికిరాడు. అయితే వినేవాళ్లలో ఎదురు అడిగే గొంతు ఒక్కటే ఉంటే, ఎంత చదివినా మిగిలేది శాపమే. అందుకని మీతోనే చెబుతున్నాను. మీది పాతపట్నం కానీ, సాలూరు కానీ, మీ ఊళ్లో రాతి మీద రాత ఉంటే మీ ఆడపిల్లల్ని తీసుకుని కమిటీ ఇంటికి వెళ్లండి. గ్రిల్లు తెరిపించండి. పిల్లల చేతులతోనే రాయి కడిగించండి. మమ్మల్ని పిలవండి, మొదటి అక్షరం నుంచి చదువుతాం. శాపం వచ్చే పంక్తి దగ్గర మాత్రం ఒక్కరు కూడా వెనక్కి జరగకండి.