జాడీ అడుగున చక్కెర

మొన్న మా మనుమరాలు బడిలో చెప్పిన పని అంటూ అరగ్లాసు నీళ్లలో గ్లాసున్నర చక్కెర పోసి కలుపుతూ కూర్చుంది. చెంచా ఎంత తిప్పినా కొంత చక్కెర అడుగునే ఉండిపోయింది. పొయ్యి మీద పెడితే అంతా కరిగింది. పక్కన పెట్టి మర్నాడు చూస్తే అడుగున మళ్లీ తెల్లటి గడ్డ. "వేడి నీళ్లు ఎక్కువ పట్టుకుంటయి అమ్మమ్మా, సల్లారినంక పట్టుకోలేనిది ఇడిచిపెడ్తయి" అంది పిల్ల. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు, ఎప్పుడో పోయిన మా అత్త మీద.

బచ్చన్నపేటలో మా అత్త చక్కెర డబ్బాకు తాళం వేసి, తాళంచెవి నడుముకు చెక్కుకునేది. ఆడబిడ్డ పెళ్లిచూపులకు దంతాలపల్లి వాళ్లు వస్తారనగా, ముందురోజు నాకు ఐదు గ్లాసుల చక్కెర కొలిచి ఇచ్చి, నిమ్మకాయ షర్బత్‌కు పాకం పట్టమంది. "నీళ్లు గ్లాసున్నర కంటె ఎక్కువ పొయ్యకు, పల్సగైతే పులుస్తది" అని చెప్పింది కూడా ఆమే. పాకం అద్దంలా దిగింది. జాడీలో పోసి మూతికి గుడ్డ కట్టాను. పొద్దున గరిటె దింపితే టక్కుమంది. అడుగున రాయిలాంటి చక్కెర.

"కరిగిన చక్కెర మళ్ల చక్కెరైతదానే? సగం దాసుకున్నవ్. నేను అడుగుతనని పొద్దుగాల్ల తెచ్చి గుమ్మరించినవ్."

"నా పుస్తె మీద ఒట్టు అత్తమ్మా, అంత కరిగింది. నా కండ్లతోని చూసిన."

"దొంగలు ఒట్టుకు ఎన్కవడ్తరా?"

ఆడబిడ్డ కిసుక్కున నవ్వి, "మా వదినెకు గారడి గూడ వస్తదే అమ్మా" అంది. మా ఆయన చెప్పులు తొడుక్కుని చెలక వైపు నడిచాడు. ఆ వీపు నాకింకా కళ్లముందే ఉంది. ఆ పాకాన్ని మళ్లీ కాచి, ఆమె ఎదుటే ఒక రాత్రి ఆరనిస్తే చాలు, నా పేరు నిలిచేది. అది తెలిసినవాళ్లు ఇంట్లో ఒక్కరూ లేరు. ఆమె బతికినన్నాళ్లూ నా చాయ్‌కి కావలసిన చెంచాడు చక్కెర కోసం అరచేయి చాపాను.

నిన్న దంతాలపల్లికి ఫోన్ చేసి ఆడబిడ్డకు సంగతంతా చెప్పాను.

"ఇంక గదే పట్టుకున్నవా వదినె? అమ్మ పాయె. నాకు షుగరొచ్చి చక్కెరే బందాయె."

"'నువ్వు దొంగవు కాదు వదినె' అని ఒక్కసారి అను."

"పొయ్యి మీద కూర మాడుతాంది" అని పెట్టేసింది.

ఇంటినిండా మనుషులు, పొద్దంతా మండే పొయ్యి ఉన్న రోజుల్లో దొంగ అన్న ఆ మాట ఎక్కడో కరిగిపోయిందనుకున్నాను. ఇల్లు చల్లారిన ఈ వయసులో, ఎటు కదిపినా గరిటెకు అదే తగులుతోంది.