ఇంజన్‌కి ఇద్దరు, యూనియన్లు రెండు

పైలట్ అనగానే ఆకాశం వైపు చూడకండి. మా ఆయన తాతబాబు రైలింజన్ పైలట్. కిరండూల్ గనుల నుంచి ఇనుపరాయి మోసే గూడ్సు నడుపుతాడు. విజయనగరం నుంచి వచ్చిన మాకు ఈ కిరండూల్‌లోనే తలలు నెరిశాయి. బండి బాగానే నడుపుతాడు గానీ, యూనియన్ నడపడమే రాదు. అయినా సెక్రటరీ!

ఇంజన్‌లో ఉండేదే ఇద్దరు, పైలటూ అసిస్టెంటూ. వాళ్లకి రెండు యూనియన్లు. పైలట్లకి మా ఆయన, అసిస్టెంట్లకి జాన్‌బాబు. ఒకప్పుడు ఒకటే యూనియన్. ఆగస్టు పదిహేనున జెండా ఎవరు ఎగరెయ్యాలన్న దగ్గర చీలిపోయారు, సిగ్గులేనివాళ్లు.

మా పక్క క్వార్టర్లో పూనం ఉంటుంది. కొండగావ్ పిల్ల, అసిస్టెంట్ పైలట్. ఇంజన్‌లో మరుగుదొడ్డి లేదు. మగవాళ్లు ఎక్కడో ఒకచోట దిగి కానిచ్చేస్తారు. ఈ పిల్ల మాత్రం డ్యూటీ ఉందంటే ముందురోజు నుంచే నీళ్లు మానేస్తుంది. రెండుసార్లు ఆస్పత్రి పాలైంది.

"బస్, చాలు ఆంటీ, ఇంక నా వల్ల కాదు. ఉద్యోగం వదిలేస్తా," అందొక రోజు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఇంటికి రాగానే పట్టుకున్నాను. "ఆడపిల్ల అడిగితే స్టేషన్లో కాసేపు బండి ఆపడానికి ఏటి నొప్పి? ఆ మాట పైవోళ్లకి సెప్పలేని నీదీ ఒక యూనియనేనా?"

"నానేటి సేస్తానే నూకాలూ! రెండు యూనియన్లూ కలిసొత్తేనే ఇంటానంటన్నాడు ఆపీసరు సాహెబు."

కలిసే మాటే లేదు. పిల్ల అసిస్టెంటు కాబట్టి మీరే చూసుకోండని పైలట్లు. బండి ఆపేది పైలట్ కాబట్టి మీరే చూసుకోండని అసిస్టెంట్లు. మధ్యలో పిల్ల నాలుక పిడచకట్టుకుపోతోంది.

అప్పుడు మా ఆయనకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. జగదల్‌పూర్ రన్నింగ్ రూంలో, అంటే బండి దిగినవాళ్లు తిని పడుకునే చోట, ఎవరి బియ్యం వాళ్లే తెచ్చుకుంటారు. అక్కడ వంటచేసే ఆవిడ హుంగే, ఎవరిది వాళ్లకి వేరే గిన్నెలో వండిపెడుతుంది. ఒక్క కుండలో తింటే మనసులు కలుస్తాయని, రెండు యూనియన్ల వాళ్లనీ బతిమాలి, అందరి బియ్యం ఒకే గిన్నెలో పోయించాడు మహానుభావుడు. సన్నబియ్యం, ఉప్పుడు బియ్యం, ఇక్కడి దొడ్డుబియ్యం అన్నీ కలిపి! వంటింటి ముఖం ఎరగనివాడు చేసే పనే. సగం జావైపోయింది, సగం పలుకులుగానే ఉండిపోయింది.

ఇంకేముంది, మీ బియ్యమంటే మీ బియ్యమని కీచులాట. జాన్‌బాబు కంచం తోసేసి, "బియ్యవే కలవనేదు, మనం కలుత్తామేటి తాతబాబూ?" అన్నాడట. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇదంతా తర్వాత పూనమే నాకు చెప్పింది.

ఆ పిల్ల ఒక్కతే ఆ అన్నం తింటోంది. పలుకు గొంతులో అడ్డుపడి దగ్గు, కళ్లమ్మట నీళ్లు. జాన్‌బాబే గ్లాసు అందించాడు. పెదాలు తడుపుకుని కింద పెట్టేసింది.

"తాగమ్మా."

"వద్దు సార్. డ్యూటీ ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె ఇంకా దగ్గుతూనే ఉంది. జాన్‌బాబు మా ఆయన వైపు తిరిగి, "సాహెబు దగ్గరికి ఎప్పుడెల్దాం?" అన్నాడు.

పూనంని తీసుకుని వెళ్లారు. ఊరికే వెళ్తారా? గుమ్మం దగ్గర మళ్లీ మొదలు, ముందు ఎవరు లోపలికెళ్లాలని.

"సీనియర్ని నాను," అని మా ఆయన.

"మెంబర్లు ఎక్కువ మాకు."

వీళ్ల తగువు తెగేలోగా పూనం తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇద్దరూ నోళ్లు మూసుకుని వెనకాలే నడిచారు. ఏ యూనియన్ తరఫున వచ్చావని సాహెబు అడిగాడు. ఆ పిల్ల వెనక్కి చెయ్యి చూపించి, "రెండూ సార్," అంది.

ఆడపిల్ల అడిగితే దారిలో స్టేషన్లో బండి ఆపాలనీ, ఎందుకు ఆపావని పైలట్‌ని నిలదియ్యకూడదనీ ఆర్డరొచ్చింది. యూనియన్లు మాత్రం ఇప్పటికీ రెండే. జెండా గొడవా అలాగే ఉంది. కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది!

ఆర్డరు తర్వాత మొదటి డ్యూటీకి వెళ్తూ, బ్యాగు భుజాన వేసుకుని పూనం మా గుమ్మంలో ఆగింది.

"ఆంటీ, మంచినీళ్లిస్తారా?"

చెంబుతో తెచ్చిచ్చాను. గటగటా తాగేసింది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది.

"ఇంకా తేనా తల్లీ?" అన్నాను.

"తెండి," అంది.