ఏడో కదలికలో ఏ కాలు

శిక్షణ శిబిరం నుంచి తిరిగొచ్చిన మర్నాడే మా కరాటే మాస్టర్ ఆ మాట అన్నారు. ఎనిమిది నెలలుగా మాకు నేర్పిన కర్ర కటా తప్పట.

"ఏడో కదలికల ఎడమకాలు కాదు మేడం, కుడికాలు ముందుకు రావాలె. క్యాంపుల గట్లనే చెప్పిన్రు," అన్నారాయన, బస్సు రూటు మారిందన్నంత మామూలుగా.

కర్ర అక్కడే పడేసి వెళ్లిపోదామనిపించింది. కటా అంటే ఎదురుగా లేని శత్రువుతో ఒక వరుస ప్రకారం చేసే పోరాటం. ఒకినావా దీవుల్లో తరతరాలుగా వస్తున్నది. అందులో ఒక్క అడుగు మారితే ఆ తర్వాతవన్నీ మారతాయి. ఇన్ని నెలలు అరిగించి అరిగించి ఒంటికి పట్టించుకున్న అడుగును ఇప్పుడు మరిచిపొమ్మంటే ఎలా?

అప్పుడు నేను చైతన్యపురిలో ఉంటూ, అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. రోజుకు ఆరేసి గంటలు బోర్డు మీద రాసి రాసి భుజం పట్టేసింది. డాక్టరు వ్యాయామం చెయ్యమంటే, ముప్పై నాలుగేళ్ల వయసులో, కర్మన్‌ఘాట్‌లో ఒక స్కూలు మేడ మీద పొద్దున్నే జరిగే ఈ క్లాసులో చేరాను. మాస్టర్‌ది పోచంపల్లి వైపు నేత కుటుంబం. పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు చూసుకునేవారు. తెలంగాణ కోసం ఏ ర్యాలీ జరిగినా ముందు వరుసలో ఉండేవారు. మాది తెనాలి. ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. కాళ్ల గొడవే తెగనప్పుడు ఇక రాష్ట్రం గొడవ ఎక్కడ?

కర్రతో మరో తలనొప్పి. ఆరడుగుల కర్ర. షేర్ ఆటోలో పెడితే రెండువైపులా బయటికి పొడుచుకొచ్చేది. బస్సెక్కితే కండక్టరు దానికి కూడా టికెట్ తీసుకోమని ఎగతాళి చేసేవాడు.

ఇంత చేసీ, బెల్టు పరీక్ష మూడుసార్లు వాయిదా పడింది. మూడుసార్లూ బందే కారణం. పరీక్ష తీసుకునే పెద్దాయన చెన్నై నుంచి రావాలి. నాలుగోసారి ఆయన ముందురోజే వచ్చి ఎల్బీ నగర్లో ఒక లాడ్జిలో దిగారు. తెల్లారి లేచేసరికి మళ్లీ బంద్.

మాస్టర్‌కి ఫోన్ చేశాను. "బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎలా రమ్మంటారు సార్?"

"నడుచుకుంట రాండ్రి మేడం. ఎంత దూరముంది? లాడ్జి ఎనక ఫంక్షన్ హాల్ల పెట్టినం."

తెల్లటి కరాటే డ్రెస్సులో, భుజం మీద కర్రతో బయల్దేరాను. కొత్తపేట దగ్గర రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి ఉద్యమంవాళ్లు వంటావార్పూ చేస్తున్నారు. పక్కనే పోలీసులు. ఒక ఎస్సై నన్ను ఆపాడు.

"జెండా ఏది?"

"జెండా కర్ర కాదండీ. కరాటేది. ఇవాళ పరీక్షుంది."

"బంద్ రోజు కర్ర పట్టుకుని పరీక్షా? ఏదీ, చేసి చూపించు."

నడిరోడ్డు మీద, అంతమంది ముందు మొదలుపెట్టాను. ఏడో కదలిక దగ్గర ఎడమకాలు బయల్దేరింది. కుడికాలు గుర్తొచ్చింది. రెండూ కలిసి నన్ను ఎటూ కాకుండా నిలబెట్టేశాయి. కానిస్టేబుళ్లు నవ్వారు. ఏడుపొచ్చినంత పనైంది.

పొయ్యి దగ్గరున్న ఒకావిడ గరిటె పట్టుకునే వచ్చింది. "ఏ ఊరు బిడ్డా మీది?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం ఆలోచించాను. "తెనాలండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఎస్సై వైపు తిరిగింది. "పరీక్షున్నదంటున్నది గద సార్, పోనియ్యుర్రి. ఉత్త కడుపుతోని ఎట్ల ఎగురుతది? జర ఉప్మా తిని పో బిడ్డా."

నిలబడే నాలుగు ముద్దలు తిన్నాను. ఎస్సై వదిలేశాడు.

ఫంక్షన్ హాల్‌కి చేరేసరికి గంట ఆలస్యం. చెమట తుడుచుకుని పెద్దాయన ముందు కటా చేశాను. ఈసారి జాగ్రత్తగా, కొత్త పద్ధతిలో, కుడికాలు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"కుడికాలు ఎవరు చెప్పారు? ఎడమకాలు కదా."

మాస్టర్ ముఖం పాలిపోయింది. శిబిరంలో చెప్పిన మార్పు ఇంకో కటాకి సంబంధించిందట. ఆయన రెంటినీ కలిపేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "రెండు నెలలండీ! రెండు నెలలు రాత్రీ పగలూ నా కాళ్లతో నేను కొట్లాడాను. ఒక్కసారి ఫోన్ చేసి అడిగుంటే పోయేది కదా సార్?"

అందరి ముందూ గురువుని అలా నిలదీయడం తప్పేమోనని అన్న తర్వాత గానీ తోచలేదు. మాస్టర్ తన కర్ర తీసుకుని నా పక్కన వచ్చి నిలబడ్డారు.

"తప్పు నాది సార్. నాది గూడ చూడుండ్రి," అన్నారు పెద్దాయనతో.

ఇద్దరం కలిసి చేశాం. నాకు పాత అడుగు తేలిగ్గానే వచ్చేసింది. నలభై అయిదేళ్ల మాస్టర్ మాత్రం, శిష్యులంతా చూస్తుండగా, అక్కడ రెండుసార్లు తప్పారు. నేను పాసయ్యాను. ఆయన్ని మాత్రం బాగా సాధన చేసి మళ్లీ చూపించమన్నారు పెద్దాయన.

నా కోపం ఆ రోజు తగ్గలేదు, ఆ వారమూ తగ్గలేదు. కానీ సోమవారం క్లాసుకి వెళితే మాస్టర్ ముందు కాకుండా మా వరుసలో నిలబడి ఉన్నారు. నన్ను ముందుకెళ్లి ఒక్కో కదలికకూ అంకె చెప్పమన్నారు. ఆ నెలంతా అలాగే సాగింది. ఆయన తప్పినప్పుడల్లా ఆపి "మళ్లీ" అనేదాన్ని, కొంచెం గట్టిగానే.