మనవాడైపోయిన రాంగ్ నంబరు

మా అమ్మ ఫోన్ ఎత్తితే అవతల ఎవరున్నదీ పట్టించుకునేది కాదు. ముందు "తిన్నావేటి?" అని అడిగేది. తిన్నామంటే ఏం కూర అనేది. తర్వాత వానలు, తర్వాత పశువులు, ఆ తర్వాత ఇంట్లో ఎంతమంది, ఎవరెక్కడ ఉన్నారు. ఇవన్నీ అయితేగానీ ఫోన్ చేసిన మనిషికి తన పని చెప్పుకునే వంతు వచ్చేది కాదు. బడిలో రెండు పీరియడ్ల మధ్య ఐదు నిమిషాలు దొరికితే చేసేదాన్ని. నా బ్యాలెన్సు కాస్తా కూరల దగ్గరే అయిపోయేది. నాకసలే కోపం ఎక్కువ. అరిచేదాన్ని. "నువ్వు తిన్నావో లేదో అడగొద్దేటి?" అని అమ్మ చిన్నబుచ్చుకునేది.

ఆ ఫోన్ కొనిచ్చింది నేనే. రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులవి. నేను జి.మాడుగుల దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. మా ఊరు అరకు పైన కొండ మీద, ఇరవై గడప ఉంటుందేమో. నాన్న పోయాక ఇంట్లో అమ్మా, చెల్లీ మిగిలారు. అరెకరం కాఫీ, దానికి మిరియాల తీగలు, ఒక చోడి చేను, అంటే రాగులు. నేను నెలకి రెండుసార్లు జీపులు మారి వెళ్లొచ్చేదాన్ని. మధ్యలో ఎవరికి జ్వరమొచ్చినా నాకు తెలిసేసరికి తగ్గిపోయేది కూడా. అందుకని టార్చిలైటున్న చిన్న ఫోనొకటి కొని తీసుకెళ్లాను.

టీచర్ని కదా, ఊరికే చేతిలో పెట్టి రాలేదు. రెండు రోజులు కూర్చోబెట్టి పాఠం చెప్పాను. తడి చేత్తో ముట్టుకోవద్దు. ఛార్జింగులో ఉండగా మాట్లాడొద్దు. పొయ్యి పైన అటక మీద పెట్టొద్దు. బ్యాటరీ ఉబ్బితే వాడొద్దు. ఉరుములప్పుడు కొండమీద నిలబడి మాట్లాడొద్దు. అమ్మ అన్నిటికీ బుద్ధిగా తలాడించింది. ఉరుము వినబడితే చాలు, ఫోన్‌ను తీసుకెళ్లి పశువుల పాకలో పెట్టి వచ్చేసేది. పిడుగు ఫోన్ కోసం వస్తుందని ఆమె లెక్క. "మరి ఆవుల సంగతేమిటమ్మా?" అంటే కాసేపు ఆలోచించి, మర్నాటి నుంచి ఖాళీ కోళ్లగూటిలో పెట్టడం మొదలుపెట్టింది. చెల్లీ నేనూ పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం.

ఇంట్లో సిగ్నల్ ఉండేది కాదు. కాఫీ తోటకి ఎగువన ఒక బండ ఉంది, దాని మీదైతే రెండు గీతలు వచ్చేవి. అమ్మ ఫోన్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి బండ మీద పెట్టుకుని, అది మోగేదాకా కింద కలుపు తీసుకునేది. ఆమెకి అంకెలు రావు. నా నంబరూ ఇంకొకరి నంబరూ ఆమెకు ఒకేలా కనబడేవి. మోగిందంటే ఎత్తడమే.

అలా ఒకరోజు రాంగ్ నంబరు వచ్చింది. ఎవరో మగమనిషి, తెలుగు శుభ్రంగా మాట్లాడుతున్నాడట. తాను ఎవరి కోసం చేశాడో చెప్పేలోపే అమ్మ తిన్నావా అని అడిగేసింది. తర్వాత తన సంగతి చెప్పింది. ఆ మాటలు నాకు తర్వాత చెల్లి చెప్పింది, అది పక్క చాళ్లో పని చేస్తూ విన్నది.

"మాది పులి వంశం బాబూ. మా పెద్దగుంట టీచరు, చిన్నగుంట ఇంటరు సదివి ఇంటికాడే ఉంది. మాయన లేడు. మరి మీదే వంశం?"

"మాదీ పులి వంశమేనమ్మా" అన్నాడట అతను.

ఇది మా కొండల మర్యాద. దారిలో కొత్తవాళ్లు ఎదురుపడితే ముందు ఊరు, ఆ వెంటనే వంశం చెప్పుకుంటాం. పులి, నాగు, చేప, సూర్యుడు, ఇలా ఉంటాయి. తండ్రి వంశమే పిల్లలది; అమ్మ చెప్పిన పులి వంశం మా నాన్నది. ఇద్దరిదీ ఒకే వంశమైతే వాళ్లు అన్నాచెల్లెళ్ల కింద లెక్క. వాళ్ల మధ్య పెళ్లి మాట కాదు కదా, వేళాకోళం కూడా పనికిరాదు. మేం చర్చికి వెళ్లడం మొదలై రెండు తరాలైంది, అయినా ఇది మారలేదు. పాస్టరుగారింట్లోనూ మారలేదు. పులి వంశమన్న ఆ ఒక్క మాటతో రాంగ్ నంబరు మా అమ్మకి కొడుకూ, మా ఇద్దరికీ తమ్ముడో అన్నో అయిపోయాడు.

అతను మళ్లీ చేశాడు. మళ్లీ మళ్లీ చేశాడు. అమ్మ చోడి అంబలి గురించీ, ఆవు ఈనడం గురించీ చెప్పేది. ఏ రోజు సంతకి వెళుతుందో, ఏ రోజు చెల్లి ఇంట్లో ఒక్కతీ ఉంటుందో కూడా చెప్పేది. దాచుకోవాలని ఆమెకి తోచలేదు. అడిగినవాడికి చెప్పకపోవడం మా ఊళ్లో తలుపు మొహాన వేసినట్టు. నాకు తెలిసినప్పుడు అంతెత్తున లేచాను. "ఎవడో ఏమిటో తెలీకుండా ఇంటి గుట్టంతా చెప్తావా?" అన్నాను.

"ఎవడో ఏటే? మనోడే. పులింటోడు."

ఆ మాట వినగానే నా కోపం చల్లారింది. బి.ఇడి. చదివాను, పిల్లలకి సైన్సు చెబుతాను, అయినా ఆ రెండు ముక్కలకి నేనూ మెత్తబడ్డాను. ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

చెల్లికి నర్సు కావాలని కోరిక. ఆ ఏడు ట్రైనింగ్ సీటు రాలేదు. తోటలో పని చేస్తోంది గానీ మనసంతా ఆ తెల్ల బట్టల మీదే. అది కూడా అమ్మ అతనికి చెప్పేసింది. వారం తిరక్కుండా అతను, తనకి తెలిసిన ఆసుపత్రిలో ట్రైనింగ్ ఉందనీ, హాస్టల్ ఉచితమనీ, చెల్లి సర్టిఫికెట్లు తీసుకుని వస్తే చాలనీ అన్నాడు. చెల్లి ఆ రోజంతా నేల మీద నిలవలేదు.

నేను అతనితో ఒకసారి మాట్లాడాను. "అక్కా" అన్నాడు. ఆసుపత్రి పేరడిగితే ఏదో చెప్పాడు. విన్నట్టే అనిపించింది. విన్నట్టు అనిపిస్తే తెలిసినట్టు కాదని నా పిల్లలకి రోజూ చెప్పేదాన్ని, నా దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాను. సోమవారం పొద్దున్న అరకు స్టేషనుకి చెల్లిని తీసుకొస్తే తాను వచ్చి రైల్లో దగ్గరుండి తీసుకెళతానన్నాడు. "దారిలో అవసరపడుతుంది, మీ అమ్మ ఫోన్ చెల్లికే ఇచ్చి పంపండక్కా" అన్నాడు. ఎంత ముందుచూపు అనుకున్నాను. అతని నంబరున్నది ఆ ఫోన్‌లోనే, అది కూడా పోతే మాకు అతన్ని పట్టుకునే దారే ఉండదన్నది నా బుర్రకి తట్టనేలేదు. చెల్లి సర్టిఫికెట్లు జెరాక్స్ తీయించాను. జిప్పున్న బ్యాగు కొన్నాను. సోమవారానికి బడికి సెలవు పెట్టాను.

ఆదివారం ప్రార్థన ముగిశాక ముగ్గురం బండ దగ్గరికి వెళ్లాం. అమ్మ ఒక సంచి కట్టింది. కాసిన్ని చోళ్లు, పిప్పళ్లు, రాజ్మా గింజలు. అతని తల్లికి పంపాలని. అయితే ఆమెకో సందేహం. ఆ తల్లి పుట్టింటి వంశం ఒకవేళ అమ్మ పుట్టింటి వంశమే అయితే, ఆవిడ అమ్మకి అక్కో చెల్లో అవుతుంది. తోడబుట్టినదానికి చోళ్లు పంపి ఊరుకోకూడదు, చీర పెట్టాలి. చీర పెట్టాలో అక్కర్లేదో తేల్చుకుందామని ఫోన్ చేయించింది. నేను స్పీకర్ నొక్కి ఆమె చేతికిచ్చాను. తిండీ, కూరా అయ్యాక అడిగింది.

"నాయినా, మీ అమ్మ పుట్టింటోళ్లదే వంశం?"

అతను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "పులి వంశమేనమ్మా. మనమంతా ఒకటే కదా."

అమ్మ ఫోన్‌ను మొహానికి దూరంగా పట్టుకుని దాని వంక చూసింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు నెమ్మదిగా ఉంది.

"మీ నాన్నది పులి వంశం అన్నావు."

"అవునమ్మా."

"మీ అమ్మదీ పులి వంశమేనా?"

"చెప్పాను కదమ్మా, పులే."

పులింటి పిల్లని పులింటివాడు చేసుకోవడమంటే మా దగ్గర అన్న చెల్లెల్ని చేసుకున్నట్టే. అలాంటి ఇల్లు మా కొండల్లో ఉండదు. ఉన్నా అందులో పుట్టినవాడు ఆ సంగతి ఇంత హాయిగా చెప్పుకోడు. అంటే అతనికి వంశమంటే ఏమిటో తెలియదు. అమ్మ ఏమంటే తానూ అదే అంటున్నాడు. మొదటి రోజు నుంచీ అంతే చేశాడు.

"నువ్వెవరోడివిరా?" అంది అమ్మ.

"అదేంటమ్మా, మీ అబ్బాయినే."

"నా కొడుకువైతే నీకు తెలవదేటి? పులింటోడు పులింటి గుంటని సేసుకోడు. నువ్వు మా కొండోడివి కావు. నా గుంటని ఎక్కడికి తీసికెలిపోదామనుకున్నావు?"

అవతల కట్ చేశాడు. కాసేపటికి మళ్లీ మోగింది, అమ్మ ఎత్తలేదు. ఇంకోసారి మోగింది. మూడోసారి నేనెత్తాను. ఈసారి అక్కా లేదు, ఏమీ లేదు. "పిల్లని స్టేషనుకి తెస్తారా లేదా? టికెట్లు తీసేశాం" అన్నాడు. ఆ "తీసేశాం" విన్నాక వాడొక్కడు కాదని తెలిసింది. ఎంతమందిరా మీరు అని అరిచాను. ఫోన్ ఆగిపోయింది.

మర్నాడు నేను ఆ నంబరు కాగితం మీద రాసుకుని పోలీసుల దగ్గరికి వెళ్లాను. కానిస్టేబుల్ నా ముందే చేశాడు. స్విచాఫ్. వారం తర్వాతా స్విచాఫే. ఆ మనిషి ఎవరో, ఏ ఊరివాడో మాకు ఎప్పటికీ తెలియలేదు.

చెల్లికి మాత్రం మా మీదే కోపమొచ్చింది. చేతికందిన ట్రైనింగ్ వంశాల పిచ్చితో పాడుచేశామంది. టికెట్ కొన్నవాడికి కోపం రాదా అంది. రెండు రోజులు తిండి ముట్టలేదు, ఆ తర్వాత తిన్నా మాతో మాట్లాడలేదు. నేను జి.మాడుగుల వెళ్లిపోయాను. వెళ్లగానే హాస్టల్లో పెద్ద పిల్లలందర్నీ కూర్చోబెట్టాను. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే మీ ఊరు, మీ పేరు ముందు చెప్పొద్దు, అవతలివాణ్ణే చెప్పనివ్వండి. ఇంట్లో ఎవరున్నారో, ఎవరు లేరో చెప్పొద్దు. ఉద్యోగమంటే ఆసుపత్రికో ఆఫీసుకో మీ పెద్దవాళ్లే ముందు వెళ్లి చూడాలి. ఎవరికీ చెప్పొద్దు అన్నవాడి మాట అందరికీ చెప్పండి. ఒకే పాఠాన్ని ఆ ఏడాది ఎన్నిసార్లు చెప్పానో, పిల్లలు నన్ను చూస్తేనే ముందు వాళ్లే అప్పజెప్పేసేవారు.

అమ్మకీ చెప్పాను. ఎత్తగానే "ఎవరు కావాలి?" అనాలి, అంతే. ఆమె నేర్చుకుంది. కానీ ఆ మాట అన్నప్పుడల్లా ఆమె మొహం మాడిపోయేది. వాకిట్లోకి వచ్చిన మనిషిని మంచినీళ్లు కూడా అడక్కుండా నిలబెట్టినట్టు ఉందనేది. కొన్నాళ్లు ఫోన్ మోగినా బండ ఎక్కేది కాదు. "ఆడు నా మాటలన్నీ ఎత్తుకుపోయాడే" అని ఒకసారి ఏడ్చింది.

మరుసటేడు చెల్లికి నిజంగానే ట్రైనింగ్ సీటు వచ్చింది. ఈసారి నేను ముందుగా వెళ్లి ఆ భవనం, హాస్టల్ గదులు, వార్డెన్‌ని, బాత్రూం తలుపుల గడియలతో సహా చూసొచ్చాను. చెల్లి బయల్దేరే ముందు రోజుల్లో కాఫీ పళ్ల కోత నడుస్తోంది. ముగ్గురం కళ్లంలో ఎండబోసిన పళ్లు తిరగేస్తున్నాం. చెల్లి ఉన్నట్టుండి పని ఆపింది.

"అమ్మా, ఆ రోజు ఆడు ఇంకో వంశం పేరు సెప్పుంటే?"

"ఎప్పుడు?"

"ఆళ్లమ్మ పుట్టిల్లు అడిగావు కదా. పులి అనకుండా నాగు అనో, సేప అనో అనుంటే?"

అమ్మ పళ్ల మీద చెయ్యి ఆడిస్తూనే ఉంది. అబద్ధం చెప్పడం ఆమెకి రాదు. అప్పుడు నేర్చుకున్నా బాగుండునని నాకు అనిపించింది.

"పంపేసీదాన్ని" అంది.

చెల్లి నా వైపు తిరిగి, "నువ్వో?" అని అడిగింది. నేనూ అదే చెప్పాను.