కుట్టించిన నవల

ఆ దర్శకుడు తీసినవి మూడే సినిమాలు. ఏదీ వారం ఆడలేదు. అందుకేనేమో, కలకత్తాలో ఆయనంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆయన బెంగాలీలో ఒకే ఒక్క నవల రాశాడు. అట్టపెట్టెలో విడి కాగితాలు, పేజీ నంబర్లు ఉండవు. ఎవరికి తోచిన వరసలో వాళ్లు చదువుకోవాలి. మళ్లీ అచ్చు కాలేదు. నేను ఏళ్ల తరబడి వెతికి, చివరికి కలకత్తాకి దగ్గర్లో ఉన్న మా రైల్వే ఊళ్లోనే, పూరీ గేట్ దగ్గర పాత పుస్తకాలమ్మే బెంగాలీ పెద్దాయన దగ్గర సంపాదించాను.

పెట్టె బీరువా మీద పెట్టి, నేను పనిచేసే రైల్వే వర్క్‌షాప్ వాళ్లు ట్రైనింగుకి పంపితే వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెట్టె లేదు. దాని చోట ఎర్ర అట్టతో లావుపాటి పుస్తకం ఉంది.

"పేజీలన్నీ ఊడిపోనాయి కదండీ. ఝపటాపూర్ బజార్లో బైండింగ్ సేయించినాను," అంది మా ఆవిడ.

"నంబర్లు లేవు కదా, వరసెలా పెట్టినావు?"

"సదివినాను." ఆవిడా నాలాగే ఈ బెంగాల్ ఊళ్లోనే పుట్టింది, బెంగాలీ నాకంటే వేగంగా చదువుతుంది. "కతలో ఆ మనిషి ముందు సచ్చిపోయి, తరవాత పెళ్లి సేసుకుంతాడేటి? పుట్టిన కాడ్నించి సరిగ్గా పెట్టినాను. కుట్టు బాగులేదేటి?"

"కుట్టు బాగుంది," అన్నాను. అది నిజమే. వరండాలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

ఆ దర్శకుడి మీద పరిశోధన చేస్తున్న కుర్ర లెక్చరరు ఒకాయన, నా దగ్గర కాపీ ఉందని విని, తర్వాతి ఆదివారం కలకత్తా నుంచి వచ్చాడు. సంచిలోంచి తెల్ల గ్లవుజులు తీసి తొడుక్కున్నాడు. ఎర్ర అట్ట చూసి, ఆ గ్లవుజులు విప్పేశాడు.

"బౌదీ, ఈ నవలకి మొదలూ చివరా ఉండకూడదు," అన్నాడు బెంగాలీలో, మా ఆవిణ్ణి వదినా అని పిలుస్తూ.

"నువ్వు ఏ వరసలో చదివావు బాబూ?" అని ఆవిడా బెంగాలీలోనే అడిగింది.

"నాకెప్పుడూ కాపీ దొరకలేదు," అన్నాడు.

ఆవిడ పుస్తకం ఆయన ఒళ్లో పెట్టి, ఉప్మా తేవడానికి వెళ్లింది. సాయంత్రం దాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఎక్కాల్సిన బండి వెళ్లిపోయింది. చివరి పేజీ మూసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ మనిషి ఇంటికి తిరిగొస్తాడని ఈ నవల మీద వ్యాసాలు రాసినవాళ్లెవరూ రాయలేదు," అన్నాడు.

"మరెక్కడికి వెళ్తాడు?" అంది మా ఆవిడ.

కుట్లు విప్పించమంటారా అని అడిగాను. వద్దన్నాడు. గ్లవుజులు మర్చిపోయి వెళ్లాడు.

మా ఇంట్లో ఇద్దరం చదివిన నవల అదొక్కటే. దాని మీద మాకింకా పడదు. అసలు ఇల్లు విడిచి వెళ్లడమే నవల్లో ఆ మనిషి తప్పంటుంది ఆవిడ.