ఆ పొద్దు తుపాకి ఎవరి చేతిలో ఉంది

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మా ఇంటి తుపాకి కోవిల్‌పట్టి పోలీస్ స్టేషనుకు పోయి, ఓట్ల లెక్కింపు అయ్యాక తిరిగి వచ్చేది. లైసెన్సున్న తుపాకులన్నీ అప్పగించాల్సిందే. ఈసారి మాత్రం నాయన, పోతే పోయినట్టే ఉండనీ, మళ్లీ తెచ్చుకునేది లేదన్నాడు. మోకాళ్లు పట్టేసి చేనికే పోలేనివాడికి తుపాకి ఎందుకని ఆయన మాట. విరుదునగర్‌లో పంతులమ్మగా పనిచేస్తున్న నేను, దాన్ని కడసారి చూసుకుందామని ఊరికి బయల్దేరాను. విరుదునగర్‌లోనే ఉండే మా అత్త, నాయనకు అక్క, తానూ వస్తానని నాతో బస్సెక్కింది.

అది మా తాత కొన్న జంట గొట్టాల తుపాకి. దాన్ని తలుచుకుంటే నాకు ఒక తెల్లవారుజాము గుర్తొస్తుంది. ఇంకా బడిలో వెయ్యని వయసు నాకు. తాత తలకు తువ్వాలు చుట్టుకుని, మొక్కజొన్న చేని గట్టున నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. మంచుకు తడిసిన నల్లరేగడి కాళ్లకు అంటుకుంటోంది. ఆయన దగ్గర పొగాకు వాసన. చెవులు మూసుకోమన్నాడు, మూసుకున్నాను. ఆ పేలుడుకు చేనంతా ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టయింది. ఆ మధ్యాహ్నం కౌజుపిట్టల పులుసు తిన్నాం. ఈ కథ నా బడి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో.

నాయన పాత పంచె చుట్టు విప్పి తుపాకిని మంచం మీద పెట్టాడు. నేను తాకడానికి జంకుతుంటే అత్త చటుక్కున అందుకుంది. బొటనవేలితో మీట తోసి దాన్ని మధ్యలో మడిచినట్టు తెరిచింది. రెండు గొట్టాల్లోంచీ వాకిలి వెలుతురు చూసి, కుడిదానికి మిషను నూనె పట్టించాలంది. అత్త చేతిలో అట్లకాడ తప్ప మరొకటి చూసి ఎరగను నేను. దీని సంగతి నీకెలా తెలుసని అడిగి, నా తెల్లవారుజాము కథ చెప్పాను.

అత్త అంతా విని, "తాత కాదు పాపా, ఆ పొద్దు నీ పక్కన కూచున్నది నేను" అంది.

మామ వేరే ఊరి మిల్లులో పనికి పోయిన రోజుల్లో ఆమె పుట్టింట్లోనే ఉండేదట. అప్పటికే తాత కళ్లకు పొర వచ్చిందట. అడవిపందులు చేను తొక్కుతుంటే చూస్తూ ఊరుకోలేక, ఆయనే ఆమెకు కాల్చడం నేర్పాడట. అత్తింటివాళ్లకు తెలియకూడదని ఆయన తువ్వాలు చుట్టుకుని పోయేదట.

నాయన ఒప్పుకోలేదు. "మన నాయన కళ్లకు ఏమొచ్చింది? పోయేదాకా సూదిలో దారం ఎక్కించినాడు" అన్నాడు. అసలు నన్నెవరూ చేనికి తీసుకుపోనేలేదనీ, ఆ రోజు వచ్చింది కౌజులు కాదు కుందేలనీ కూడా అన్నాడు. అమ్మను అడిగితే, వచ్చినదాన్ని వండడమే తప్ప ఎవరు కొట్టారో తనకేం తెలుసంది.

 నన్ను పాపా అని పిలిచేది అత్త ఒక్కతే, తాత అమ్మణ్ణీ అనేవాడు. నా జ్ఞాపకంలోని గొంతు పాపా అనే అంటుంది. కానీ తువ్వాలు కింద నెరిసిన మీసం కూడా నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అది గోడ మీది ఫోటోలోంచి వచ్చి అక్కడ అతుక్కుందా? పొగాకు వాసన సంగతి అడిగితే, తువ్వాలు ఆయనదే కదా అని అత్త నవ్వింది. కుందేలు పులుసును నేను కౌజుల పులుసనుకుని తిన్నానా? నాయన చెప్పినట్టు అసలు పోనేలేదా?

మరుసటి రోజు ముగ్గురం ఆటోలో స్టేషనుకు పోయాం. తుపాకి దారంతా అత్త ఒళ్లోనే ఉంది. ఇది పేలుతుందా అని అక్కడి పోలీసాయన అడిగాడు. ఒక్కసారి కూడా మొరాయించలేదని నాయన చెప్పాడు. అత్త తలూపింది. ఎవరు కాల్చేవాళ్లని ఆయన మళ్లీ అడిగితే, నాయన "మా నాయన" అనీ, అత్త "నేను" అనీ ఒకేసారి అన్నారు. పోలీసాయన నా వంక చూశాడు. నేను లైసెన్సు కాయితాలు ఆయన ముందుకు జరిపాను.

విరుదునగర్ బస్సులో అత్తను గురి ఎలా పెట్టేదానివని అడిగాను. ఎడమ కన్ను మూసి, తల కొంచెం పక్కకు వాల్చి చూపించింది. నా జ్ఞాపకంలో తాత తల కూడా అచ్చం అలాగే వాలి ఉంటుంది. ఆ మాటే చెప్పాను.

"ఆయన నేర్పిందే కదా" అని అత్త కిటికీ వైపు తిరిగింది.